దుప్పటి కింద మామయ్య

శవం పొట్ట మీది తెల్ల దుప్పటి మెల్లగా పైకి లేచింది. మెల్లగా కిందికి దిగింది.

మళ్ళీ లేచింది.

కంప్యూటర్ ముందు తమ్ముడు తల పట్టుకున్నాడు. "చూశావా అక్కా, మామయ్య నా కొంప ముంచాడు."

మామయ్య అంటే మా మేనమామ. వృత్తి బస్సు నడపడం. సెలవు రోజుల్లో, తమ్ముడు తీసే దెయ్యాల సినిమాల్లో శవం.

ఆ సినిమాల్లో రక్తమంటే బీట్‌రూట్ రసం. దెయ్యం జుట్టు మా ఇల్లు తుడిచే కర్ర కుచ్చు. దెయ్యం గాల్లో ఎగిరినప్పుడు తాడు కనిపిస్తుంది. ఒక్కోసారి ఆ తాడు లాగుతున్న మా నాన్న కూడా కనిపిస్తాడు.

అయినా జనం వస్తారు. భయపడదామని వచ్చి పడీపడీ నవ్వుకుని పోతారు. చావు మాట ఎత్తితే ఇంట్లో ఎవరైనా నోరు మూయిస్తారు. ఇక్కడ నలుగురితో కూర్చుని దాన్ని ఆట పట్టించవచ్చు. నాకు తోచిన కారణం అదే.

తమ్ముడికి మాత్రం లోలోపల ఉక్రోషం. ఒక్కసారి, ఒక్క సీన్‌లో, హాలంతా నిజంగా జడుసుకోవాలి. ఐదు సినిమాలు తీశాడు. ఆ ముచ్చట తీరలేదు.

ఆరో సినిమాలో ఆ సీన్ ఇదే. వారసులు ముగ్గురు శవం పక్కన నిలబడి నాలుగు నిమిషాలు పోట్లాడుకుంటారు. శవం కదలదు. అదొకటుందని జనం మర్చిపోయాక కళ్ళు తెరుస్తుంది. కళ్ళు తెరిచే ముక్క వేరుగా తీశాం.

పొట్ట కదలకుండా ఊపిరి తీసుకోవడంలో మామయ్య దిట్ట. ఐదు సినిమాల్లో ఐదు చావులు చచ్చాడు, ఒక్కసారీ దొరకలేదు. ఇందులోనే ఎందుకు దొరికాడో మాకు అర్థం కాలేదు.

అడుగుదామంటే మనిషి లేడు. షూటింగ్ అయిన రెండు నెలలకు ఆసుపత్రిలో పోయాడు. ఈసారి నిజంగానే.

మళ్ళీ తీసే వీలు లేదు. ఎడిటింగ్ నా పని కాబట్టి తమ్ముడు నా ప్రాణం తీశాడు. పొట్ట కదలని ఒక్క ఫ్రేము తీసుకుని, కదిలే పొట్ట మీద అతికించేస్తే సరిపోతుంది. అరగంట పని.

మొదలుపెట్టబోతుండగా అత్తయ్య వచ్చింది. మామయ్య ఉన్న ముక్క ఒకసారి చూపించమని ముందురోజు ఫోన్లో అడిగింది. కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది, మధ్యాహ్నం సెలవు పెట్టుకుని వచ్చింది.

మామయ్య పోయినప్పటి నుంచి ఆవిడ ఏడవలేదు. దాని గురించి చుట్టాలు చెవులు కొరుక్కున్నారు కూడా.

సీన్ వేశాను. దుప్పటి లేచింది. దిగింది.

అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. మళ్ళీ వెయ్యమంది. వేశాను. ఇంకోసారి అంది.

తమ్ముడు సంజాయిషీ చెప్పుకున్నాడు. పొరపాటు జరిగిందని, సాయంత్రానికల్లా సరిచేస్తామని, మామయ్య పరువు పోనివ్వమని.

"సరిచేస్తే ఏమవుతుంది?"

"ఊపిరి కనిపించదు అత్తయ్యా. కదలకుండా పడుకున్నట్టు ఉంటుంది."



"కదలకుండా పడుకోవడం చూశాన్రా. దానికి ముందు వారం రోజులు, ఒక్కో ఊపిరికీ ఆయన పడ్డ అవస్థా చూశాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అదే కనపడుతోంది. ఇరవై ఆరేళ్ళు పక్కన పడుకున్నదాన్ని, మామూలుగా ఎలా ఊపిరి తీసుకునేవారో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు."

వేలితో తెర చూపించింది.

"ఇలా తీసుకునేవారు."

ఆ ముక్క విడిగా కాపీ చేసి ఇస్తానన్నాను. అత్తయ్య వద్దంది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చూడలేనని, నలుగురి మధ్య అయితే చూడగలనని చెప్పింది.

తమ్ముడు లేచి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే వీధిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాడి మీద నాకు జాలేసింది. సినిమాలో జనాన్ని జడిపించే సీన్ ఉన్నదే ఒక్కటి. ఊపిరి కనిపిస్తే అది కాస్తా మంటగలిసినట్టే.

పావుగంట తర్వాత వచ్చి మైకు పెట్టమన్నాడు.

సీన్ మొదట్లో ఒక డాక్టరు శవం దగ్గర, కెమెరాకు వీపు పెట్టి నిలబడి ఉంటాడు. పెదాలు కనిపించవు కాబట్టి ఏ మాటైనా కొత్తగా పెట్టుకోవచ్చు. తమ్ముడే గొంతు మార్చి ఆ మాట చెప్పాడు.

"పోయి రెండు రోజులైంది. ఊపిరి తీసుకునే అలవాటు మాత్రం ఇంకా మానలేదు."

చెప్పేశాక నా వైపు చూడలేదు.

ఆదివారం మ్యాట్నీకి ఆ చిన్న హాలు నిండింది. డాక్టరు మాటకు జనం కడుపుబ్బ నవ్వారు. ఆ తర్వాత వారసుల పోట్లాట ఎవరూ వినలేదు. దుప్పటి లేచినప్పుడల్లా ఒక నవ్వు, దిగినప్పుడల్లా ఒక నవ్వు. ఇక శవం కళ్ళు తెరిచినా జడుసుకునేవాళ్ళు లేరని తమ్ముడికి తెలుసు. వెనక తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

అత్తయ్యకు ఒక పక్క నేను. ఇంకో పక్క ఎవరో తెలియని ఆవిడ, నవ్వీనవ్వీ కళ్ళు తుడుచుకుంటోంది. అత్తయ్య వైపు వంగి, ఆ శవం వేషం వేసినాయన భలే నటించాడండీ అంది.

అత్తయ్య తెర మీంచి చూపు తిప్పలేదు.

"అది నటన కాదమ్మా, నిద్రపోయారు," అంది నెమ్మదిగా. "ఎక్కడ నడుం వాల్చినా ఇట్టే నిద్రపట్టేస్తుంది ఆయనకి."