సైడ్‌బోర్డు మీద తడి

ఆళ్లగడ్డలోని దొర బంగళా నుంచి, భోజనాలప్పుడు గ్లాసులు పెట్టే ఆ పాత టేకు సైడ్‌బోర్డు నంద్యాలలో దాదాపీర్ కొట్టుకు పాలిష్‌కొచ్చింది. పైచెక్క నిండా దొరల గ్లాసులు వదిలిన గుండ్రటి మరకలు. దాదాపీర్ వాటన్నిటినీ రుద్ది పోగొట్టాడు. పొద్దువాలేసరికి నడిమధ్యన మళ్లీ ఒకటి కనిపించింది. వేలు పెడితే తడి తగిలింది.

"ఈడ గ్లాసు పెట్టిందెవురు?" అని తమ్ముడు మస్తాన్‌ను అడిగాడు.

"రంజాన్ నెల, ఇద్దరం ఒక్కపొద్దే గదన్నా. నీళ్లు యాడివి?"

దాదాపీర్ దాన్ని తుడిచి, మళ్లీ వస్తుందేమో చూద్దామని లాంతరు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

మసీదులో అజాన్ మొదలైంది. ఇద్దరూ సైడ్‌బోర్డు దగ్గరే ఖర్జూరాలు అందుకున్నారు. అప్పుడే చెక్క మీద గ్లాసులు పెడుతున్నట్టు మెల్లగా చప్పుళ్లయ్యాయి.

ఒక తడి మరక అన్న ముందు పడింది. ఒకటి తమ్ముడి ముందు. ఇంకొకటి ఎదురుగా, ఎవరూ కూర్చోని పీట వైపు.