చందమామ వెనకాయన

"ఈయన్ని తీసెయ్యాలండి" అంది ఆవిడ, పెళ్ళినాటి ఫొటో మీద వేలు పెట్టి.

ఫొటో స్టూడియో నడిపే ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఎవర్ని, మీవారినా?"

"ఆయన్ని తీసెయ్యడానికి వేళ దాటిపోయింది. వెనకాల నిలబడ్డాడే, ఆయన్ని."

పక్క కుర్చీలో ఉన్న భర్త ఈ మాటకి నొచ్చుకోలేదు. పాతికేళ్ళ కాపురంలో ఇంతకన్నా పెద్దవే విని ఉన్నాడు.

ఫొటోలో భార్యాభర్తలిద్దరూ సోఫాలో కూర్చున్నారు. వాళ్ళ వెనక, తలలకి పైగా, మనిషి ఎత్తు నెలవంక.

చెక్కతో చేసి, అంచంతా బల్బులు బిగించి, వెండి కాగితం చుట్టిన రెండు కర్రల మీద నిలబెట్టారు. దాన్ని వేదిక ఎక్కించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది.

అది పెళ్ళికూతురి కోరిక.

ఆ రోజుల్లో ఏ సినిమా చూసినా ప్రేమికులు చందమామ కిందే పాడుకునేవారు. చుట్టుపక్కల నరమానవుడు ఉండేవాడు కాదు. పాట అయ్యేదాకా ఒక్క చుట్టమైనా అటు తొంగిచూసేవాడు కాదు. పదకొండుమంది ఉన్న ఇంట్లో పెరిగిన ఆవిడకి ప్రేమంటే ముందు నచ్చింది ఆ ఖాళీయే.

తీరా రిసెప్షను నాడు చందమామ కుడికొసన, సోఫా పక్కగా ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

బూడిదరంగు చొక్కా, చెదిరిన జుట్టు. చందమామ వెనక ఒక చెయ్యి పైకి పెట్టి, బస్సులో కడ్డీ పట్టుకున్నవాడిలా.

ఒక ఫొటోలో అయితే పోనీ అనుకోవచ్చు. అన్నిట్లోనూ ఆయనే. కాసేపు కుడిచెయ్యి, కాసేపు ఎడమచెయ్యి. చెయ్యి మార్చాడు గానీ చోటు మార్చలేదు.

చివరి ఫొటోల్లో పళ్ళు కూడా కనిపిస్తాయి. నవ్వుతున్నాడని భర్త అంటాడు. వెక్కిరిస్తున్నాడని భార్య అంటుంది.

ఇంట్లో ఆయనకి స్టాండింగాయన అని పేరు పెట్టుకున్నారు.

ఎవరి తరఫు మనిషో మాత్రం తేలలేదు. మీ చుట్టమే అని ఆవిడ, కాదు మీ చుట్టమే అని ఆయన. వాళ్ళ తగాదాలు చాలావరకు ఆర్పని లైటు దగ్గరో ఆరెయ్యని తువ్వాలు దగ్గరో మొదలై, స్టాండింగాయన దాకా వచ్చి ఆగిపోయేవి. అక్కడికొచ్చాక ఇద్దరికీ నవ్వొచ్చేది మరి.

ఆ రోజు ఫొటోగ్రాఫరు పక్కకి జరగమని బతిమాలాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. చివరికి పెళ్ళికూతురే వెనక్కి తిరిగింది.

"ఏవండీ, ఈ పెళ్ళి మీదా?"

"కాదమ్మా, మీదే" అన్నాడాయన. "మీరు అటు చూడండి."

ఆవిడ అటు చూసింది గానీ, కోపం మాత్రం పాతికేళ్ళూ ఇటే ఉండిపోయింది.

భోజనాల ఫొటోల్లో ఆయన జాడ లేదు. ముందే తినేసి చక్కా పోయుంటాడని, ఆ ఒక్క విషయంలో, ఇద్దరికీ ఏకాభిప్రాయం.

ఇప్పుడు ఆ ఫొటో పెద్దది చేయించి హాల్లో గోడకి పెట్టాలని ఆవిడ పట్టుదల. పాతికేళ్ళ పెళ్ళిరోజుకి ఆవిడ అడిగిన కానుక అదొక్కటే. అందులో ఇద్దరూ, చందమామ, అంతే.

ఆయన లేకపోతే అది మన పెళ్ళని ఎలా గుర్తుపడతారు అని భర్త గొణిగాడు గానీ, స్టూడియో దాకా బుద్ధిగానే వచ్చాడు.

స్టూడియో ఆవిడ మౌసు కదిపింది.

ముందు జుట్టు పోయింది. తర్వాత భుజం, చెయ్యి, బూడిదరంగు చొక్కా. వాటి చోట వెనకున్న నీలం తెర వచ్చి కూర్చుంది.

భార్య ముఖం విచ్చుకుంది. ఇన్నాళ్ళకి తన పాట మొదలైనట్టుంది.

అంతలో స్టూడియో ఆవిడ చెయ్యి ఆపింది.

"చందమామకి ఎడమపక్క కర్ర కనిపిస్తోంది. కుడిపక్కది ఈయన వెనక ఉందేమో అనుకున్నాను. ఈయన కాళ్ళ మధ్య నుంచైనా కనపడాలిగా, లేదే. ఇలా వదిలేస్తే గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. కర్ర ఎక్కడ గీయమంటారు?"

భర్త కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"తీసెయ్యకముందుది ఒకసారి చూపించండి. పెద్దది చేసి."

స్టాండింగాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి ముగ్గురూ ఆయన ముఖం చూడలేదు, కాళ్ళ దగ్గర చూశారు.

బూట్ల పక్కన ఒక కర్రముక్క పడి ఉంది. వెండి కాగితం చుట్టిందే. విరిగిన చోట తెల్లగా చీలికలు.

దాన్ని ఇన్నాళ్ళూ వాళ్ళు చూడకపోలేదు. ఊడ్చేవాళ్ళ నిర్లక్ష్యమని ఆవిడ చాలాసార్లు విసుక్కుంది కూడా.

చందమామ కుడికొస సరిగ్గా పెళ్ళికూతురి తల మీదికి ఉంది.

ఆవిడ ఆ పళ్ళకేసి చూసింది. అవి నవ్వుతున్నవీ కావు, వెక్కిరిస్తున్నవీ కావు. బిగించినవి.

ఎవరినైనా అడుగుదామన్నా అప్పటి పెద్దవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

"మా వైపు మనిషే అయ్యుంటాడు" అన్నాడు భర్త మెల్లిగా.

"ఇన్నాళ్ళూ మా వైపన్నారుగా."

"ఇప్పుడు పోలిక తెలుస్తోంది."

"ఏం కాదు, మా వైపే" అంది ఆవిడ, కొంగుతో తన కళ్ళజోడు తుడుచుకుంటూ. తుడవాల్సింది కళ్ళజోడు కాదని భర్తకి తెలుసు.

స్టూడియో ఆవిడ మౌసు పట్టుకుని ఇంకా ఎదురుచూస్తోంది.

"ఇంతకీ కర్ర గీయనా, వద్దా?"

"వద్దండి. ఆయన్ని అలాగే నిలబడనివ్వండి" అంది ఆవిడ. "ఆ పూట కుడిపక్క కర్ర ఆయనే."