ఆరో టేబులు పచ్చలైటు

జయరాజ్ చేతిపట్టీ తీగని సాకెట్లోంచి ఊడబెరికాడు. లైటు పచ్చగానే వెలుగుతోంది.

మళ్లీ గుచ్చాడు, మళ్లీ పీకాడు. పచ్చే. ఎర్రగా మారి కుయ్యిమని మోగాల్సిన పెట్టె, ఏమీ ఎరగని నంగనాచిలా కూర్చుంది.

“ఈ ఆరో టేబులు దగ్గర ఎవరూ పట్టీ కట్టుకోకపోయినా కట్టుకున్నట్టే చూపిస్తోందండీ,” అన్నాడు.

ఎదురుగా నిలబడ్డ లైను సూపర్‌వైజరు బాలామణి మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

నందిగామ శివార్లలోని ఆ చిన్న కంపెనీలో పసిపిల్లల వార్మర్లకి సర్క్యూట్ బోర్డులు చేస్తారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని పడుకోబెట్టి ఒంటికి తగిన వేడి ఇచ్చే మంచాలవి. బోర్డు ముట్టుకునేవాళ్లు మణికట్టుకి పట్టీ కట్టుకోవాలి. ఒంట్లో పుట్టే కరెంటు ఆ పట్టీ తీగలోంచి భూమిలోకి పోతుంది. పట్టీ సరిగ్గా తగిలిందో లేదో చెప్పేది ఈ పెట్టె. పెట్టె నిజం చెబుతోందో లేదో చూడ్డానికి ఆర్నెల్లకోసారి విజయవాడ నుంచి జయరాజ్ వస్తాడు.

స్క్రూలు విప్పి మూత తీశాడు. సాకెట్టు వెనకాల పచ్చగా, ఎర్రగా ముద్ద గట్టి ఉంది.

“ఏంటండీ ఇది?”

“ఆయుధపూజ నాడు అన్ని పెట్టెలకీ పసుపు రాసి బొట్లు పెట్టామండి. నేనే పెట్టా.”

“బొట్టు పెట్టారా, కడుపులో పోశారా? ఈ ముద్దే తీగల్ని కలిపేసి పట్టీ ఉన్నట్టు చూపిస్తోంది.”

“ఇది రోజూ ఊరికే మొరాయించేదండి. అందుకని దీనికి కాస్త ఎక్కువే రాసా. ఆ తర్వాత ఒక్కరోజు కూడా మొరాయించలేదు.”

జయరాజ్‌కి నవ్వు రాలేదు. దసరా వెళ్లి అప్పటికి నెలా పది రోజులు.

“అయితే అప్పట్నించీ ఈ టేబులు మీద చేసిన బోర్డులన్నీ పాడయినట్టేనాండీ?” అడిగింది బాలామణి.

“అన్నీ కాకపోవచ్చు. నైలాన్ చీర విప్పేటప్పుడు చిటచిటమంటుందే, అందులో పదో వంతు తగిలినా చాలు, బోర్డు లోపల దెబ్బ తింటుంది. ఇక్కడ టెస్టులో పాసవుద్ది. నాలుగు రోజులు బాగానే పనిచేస్తుంది. ఓ పూట వేడి ఆపకుండా ఇచ్చేస్తుంది.”

“అప్పుడెట్టా తెలుస్తుందండీ?”

“బిడ్డ ఒళ్లు కాలాక తెలుస్తుంది.”

ఆవిడ టేబులు అంచు పట్టుకుంది. కొంగులో దాచిన ఫోను తీసి చూసింది, మళ్లీ దాచింది. పొద్దుట్నించి అదే పని. పాపం, ఇరవై ఏళ్ల ఉద్యోగం, భయం ఉండదా మరి!

“ఊరుకోండమ్మా, తెలిసి చేసింది కాదుగా,” అన్నాడు జయరాజ్.

మేనేజరు జగన్నాథరావు గదిలో అంతా విన్నాక తలుపు వేసొచ్చాడు.

“ఇవాళ పాడయింది, ఇవాళ మార్చాం. అంతే రాయవయ్యా.”

“అట్టా ఎలా రాస్తానండీ? ఎన్ని వెళ్లాయో ఏమో!”

“వెళ్లినవాటి సంగతి నేను చూసుకుంటా. ముందు ఓనరుగారితో మాట్లాడాలి, తర్వాత లాయరు, తర్వాత ఉత్తరాలు. ఓ వారం పడుద్ది.”

“వారమా!” అంది బాలామణి. “ఇప్పుడే ఆస్పత్రులకి ఫోన్లు చేయండి సార్. మీ కాళ్లు పట్టుకుంటా.”

“ఈ మాట గేటు దాటిందో, మీరందరూ కూడా గేటు దాటినట్టే. జాగ్రత్త!”

బీరువా తాళం తీసి డిస్పాచ్ రిజిస్టరు బయట పెట్టాడు. ఏ టేబులు మీద చేసిన బోర్డు ఏ ఆస్పత్రికి వెళ్లిందో అందులో ఉంటుంది. బాలామణి ముందుకి వంగింది. ఆయన ఠపీమని మూసేశాడు.

“నీకెందుకు? నువ్వు చేసిన నిర్వాకం చాలు.”

అంతలో ఓనరు ఫోను. జగన్నాథరావు కిటికీ దగ్గరకెళ్లి నీళ్లు నములుతూ మాట్లాడాడు. పుల్ల విరిచినట్టు మాట్లాడే ఆయన ఇలా బెదిరిపోవడం జయరాజ్ నోరు తెరుచుకుని చూశాడు. ఇద్దరూ ఇటు తిరిగేసరికి రిజిస్టరు లేదు. బాలామణీ లేదు.

వాచ్‌మన్ తిరుపతిరావు రొప్పుతూ వచ్చాడు. “పరిగెత్తుకుంటా పోయిందండీ. ఆపినా ఆగలా. జగ్గయ్యపేట బస్సెక్కింది.”

“జగ్గయ్యపేటా? కొంప మునిగింది!” జగన్నాథరావు కుర్చీలో కూలబడ్డాడు. “దాని అల్లుడు అక్కడ విలేకరి. రేపు పేపర్లో మన ఫొటోలే.”

జయరాజ్‌కి వేరే భయం. పూజ చేసింది ఆవిడే, రోజూ ఆ పెట్టె సరిగ్గా ఉందని సంతకం పెట్టిందీ ఆవిడే. బస్సులోనే కాగితాలు చింపేస్తే? ఏ బిడ్డ ఏ మంచం మీద ఉందో ఇక ఎవడు చెబుతాడు? అయ్యో అని జాలిపడ్డందుకు తన్ను తానే తిట్టుకున్నాడు.

జగన్నాథరావు ఫోను చేస్తే ఆవిడ కట్ చేసింది. మళ్లీ చేస్తే మళ్లీ కట్. గంట గడిచింది. జగన్నాథరావు చొక్కా తడిసిపోయింది. పోలీసు స్టేషన్ నంబరు వెతుకుతుండగా ఆవిడే చేసింది. స్పీకరు ఆన్ చేశాడు.

“దొంగముండా! ఎక్కడ చచ్చావ్?”

“రాసుకోండి సార్,” బాలామణి ఎగశ్వాసతో అంటోంది. “ఆరో టేబులువి మైలవరంలో రెండు, కోదాడలో మూడు. నేను వాళ్లకి చెప్పేసా. తిరువూరు వాళ్లు ఎత్తట్లేదు, మీరు చేయండి.”

“ముందు రిజిస్టరు చింపకుండా తీసుకురా! ఉద్యోగం పోద్దని పారిపోయి, పైగా నాకు పనులు చెబుతున్నావా?”

అవతల నర్సులెవరో కేకలేసుకుంటున్నారు. బాలామణి ఏడుపు దిగమింగుకుంది.

“నేను పారిపోలేదండీ. మా నాలుగు రోజుల మనవరాల్ని ఇప్పుడే ఇక్కడ ఆ వార్మర్లోంచి తీయించా.”