వెయ్యికి నలభై తక్కువ

"ఈ గదిలో ఇలాంటి పెట్టెలు ఎన్ని పడతాయి?"

టీచరమ్మ ప్రశ్న వేసి, చేతిలోని అట్టపెట్టెను బల్ల మీద పెట్టింది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు. నిన్న మధ్యాహ్నమంతా అట్టలు కోసి, జిగురు పూసి, పదకొండు మంది పిల్లలూ అలాంటివే తలొకటి చేశారు.

బడికి ఏ పనిమీద ఎవరు వచ్చినా వాళ్ల పనిని పాఠంగా మార్చడం ఆమె అలవాటు. తాపీమేస్త్రీ వస్తే ఇటుకలతో ఎక్కాలు చెప్పింది. గడియారం బాగుచేసే తాత వస్తే పళ్లచక్రాలు విప్పించి చూపింది. ఈరోజు టేపు పట్టుకుని గది కొలవడానికి ఒకాయన వచ్చాడు. కొలతల పాఠం మొదలైంది.

"ఇన్ని పెట్టెలు పెడితే మనమెక్కడ కూర్చుంటాం టీచర్?" అన్నాడు ముందు వరస వాడు.

"లెక్కల్లో అవన్నీ అడక్కూడదురా. ఎవరో బుట్టెడు పండ్లు కొంటారు. ఎందుకని అడుగుతామా?" అంది పక్కనున్న పిల్ల.

అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. వెనక గోడ దగ్గర కూర్చున్న నత్త కూడా నవ్వలేదు.

నత్త అని పేరు పెట్టింది తోటి పిల్లలే. ప్రశ్న వినపడగానే ఆ అమ్మాయి తల భుజాల్లోకి ముడుచుకుపోతుంది. జవాబు తెలియక కాదు. తెలిసిన జవాబు గొంతు దాకా వచ్చి, అక్కడే కూలబడుతుంది. నాలుగేళ్లుగా ఆ గదిలో ఆమె గొంతు విన్నవాళ్లు లేరు.

ఆమె తల్లి పండ్ల షెడ్డులో పెట్టెలు సర్దుతుంది. పోయిన వారం బడికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "నోరు విప్పని పిల్లకు చదువెందుకు టీచరమ్మా? చేతులైతే చురుగ్గానే ఉన్నాయి. వచ్చే నెల నుంచి నాతో పనిలోకి తీసుకుపోతాను."

"ఒక్కసారి పదిమందిలో నోరు విప్పనివ్వమ్మా. ఆ తర్వాత నువ్వు ఆపమన్నా ఆగదు," అని టీచరమ్మ గడువు అడిగింది. ఆ మాటలు నత్త విన్నది. విన్ననాటి నుంచి వెనక గోడకు మరింత దగ్గరగా జరిగి కూర్చుంటోంది.

పిల్లలు వంతులవారీగా టేపు కొస పట్టుకున్నారు. పొడవు ఇరవై నాలుగడుగులు. వెడల్పు పదహారు. పైన గాలికి చోటు వదిలితే ఎత్తు ఎనిమిది. అంకెలన్నీ నల్లబల్ల మీదికి ఎక్కాయి. అందరికంటే ముందు లెక్కలపురుగు చెయ్యెత్తాడు. ఆ బడిలో గుణకారమంటే వాడే.

"ఇటు పన్నెండు, అటు పది, పైకి ఎనిమిది. తొమ్మిది వందల అరవై టీచర్."

టేపాయన తన పుస్తకంలో మరోసారి గుణించి చూసుకున్నాడు. "కుర్రాడు సరిగ్గానే చెప్పాడు. వెయ్యికి నలభై తక్కువ. వెయ్యికి ఒక్కటి తగ్గినా కుదరదు టీచరమ్మా," అంటూ టేపు చుట్టసాగాడు.

టీచరమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుని, లెక్కలపురుగు తల నిమిరింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు.

నత్త మాత్రం గోడకేసి చూస్తోంది. పది వరసలకు పదిహేనడుగులు పోతే, గోడవారగా అడుగు ఖాళీ మిగులుతుంది. షెడ్డులో అమ్మ ఎన్నడూ ఖాళీ వదలదు. వదిలితే పెట్టె జారుతుంది, పండు నలుగుతుంది. పెట్టె ఒకలా పట్టకపోతే మరోలా తిప్పుతుంది.

ఎప్పుడు లేచిందో తనకే తెలియదు. తన అట్టపెట్టెను గోడ దగ్గరికి తీసుకుపోయి, పక్కకు తిప్పి నిలబెట్టింది.

"మామయ్యా, ఇక్కడ పడతాయి."

దారమంత సన్నని గొంతు. గది మొత్తం వెనక్కి తిరిగింది.

"ఇలా నిలబెడితే ఒకదాని మీద ఒకటి ఐదు. వరసగా పన్నెండు. అరవై."

"నత్తకు నోరొచ్చిందిరోయ్," అన్నాడెవడో. ఎవరూ నవ్వలేదు.

టేపాయన ఆ ఖాళీని చూశాడు, పెట్టెను చూశాడు, చివరికి టీచరమ్మను చూశాడు. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. "మీరే చెప్పండి టీచరమ్మా. ఈ పాప లెక్క సరైనదేనా? మీరు ఎంతంటే అంతే రాసుకుంటాను."

టీచరమ్మ నల్లబల్ల మీది అంకెల వైపు తిరిగింది. ఆమె వేళ్ల మధ్య సుద్దముక్క రెండుగా విరిగింది. తప్పు చెప్పాననుకుంది నత్త. తల మెల్లగా భుజాల్లోకి దిగసాగింది.

అప్పుడు టీచరమ్మ గబగబా నడిచి వచ్చి, ఆమె ఎదుట మోకరిల్లి, గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"సరైనదే. అక్షరాలా సరైనది. వెయ్యీ ఇరవై. గట్టిగా చెప్పమ్మా, అందరూ వినాలి."

"వెయ్యీ ఇరవై," అంది నత్త. ఈసారి ఆ గొంతు కిటికీ దాటింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క సరైన జవాబుకు ఇంత సంతోషిస్తారని నత్తకు అంతవరకు తెలియదు.

సాయంత్రం షెడ్డుకు పరుగెత్తి, రొప్పుతూనే తల్లికి అంతా చెప్పింది. కూతురు అంతసేపు ఆగకుండా మాట్లాడటం తల్లి ఎన్నడూ వినలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ చెంపలు రెండూ పట్టుకుంది. "సరే. నువ్వు బడికే వెళ్లు తల్లీ," అంది.

సోమవారం ఆ గదిలోకి వెయ్యీ ఇరవై పండ్ల పెట్టెలు వచ్చాయి; వెయ్యికి ఒక్కటి తగ్గినా గోదాముకు వేరే చోటు చూసుకుంటాం, బడి జోలికి రామని ఊరి పెద్దలు అంతకుముందే టీచరమ్మకు మాట ఇచ్చి ఉన్నారు.