గద్దముక్కు

పాలడబ్బా కోసం అలమర తలుపు తీసినప్పుడల్లా ఆ కాగితం కనపడేది. తలుపు లోపలివైపు ఆమే అతికించుకుంది. ఏడాదిన్నరగా అక్కడే ఉంది.

"పేరులోనే చదువు తెలుస్తోంది. అంకెకీ అక్షరానికీ తేడా తెలియనివాళ్ళు ముందు బడికి వెళ్ళాలి. ప్రశ్న మూసేస్తున్నాను."

రాసినవాడు గద్దముక్కు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒకరి సందేహాలు ఒకరు తీర్చుకునే వెబ్‌సైటులో వాడు పెట్టుకున్న పేరు అది. అసలు పేరు ఎవరికీ తెలియదు. ఆమె పెట్టుకున్న పేరు పదోక్లాసు. చదువు అక్కడే ఆగిపోయింది మరి.

ఆమె అడిగింది చిన్న ప్రశ్న. నెలల పాపకి జ్వరం. ఏ టైముకి ఏ మందు వేసిందో మర్చిపోతానేమోనని భయం. ఆడపడుచు నేర్పిన నాలుగు ముక్కలతో పాత లాప్‌టాప్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకుంది. అందులో తొమ్మిది గంటల మందు కంటే ముందు పది గంటల మందు వస్తోంది. ఎందుకని అడిగింది, అంతే.

అందరూ చూస్తుండగా ఆ జవాబు. పాపని భుజాన వేసుకుని ఏడ్చింది. మూడోరోజు తప్పు తనే పట్టుకుంది. టైముని అంకెగా కాకుండా అక్షరాలుగా దాచింది.

"వాడి ఖాతా నా చేత్తో తీసేస్తాను," అంది ఆడపడుచుతో.

"దానికి మూడు వేల పాయింట్లు కావాలి వదినా. నీకు ఉన్నది సున్నా."

"వస్తాయి."

అక్కడి పద్ధతి అది. జవాబు నచ్చినవాళ్ళు ఓటేస్తే పది పాయింట్లు. ఎవరు వేశారో ఎవరికీ కనపడదు. మూడు వేలు ఉంటే పెద్దరికం వస్తుంది. ఫిర్యాదులున్న ఖాతాని తీసిపారేయవచ్చు. గద్దముక్కు మీద ఫిర్యాదులు కుప్పలు. పనిమంతుడని పెద్దలు చూసీ చూడనట్టు వదిలేశారు.

పాప నిద్రపోయిన మధ్యాహ్నాలన్నీ ఆమె కొత్తవాళ్ళ ప్రశ్నలకు జవాబులు రాసింది. ప్రతి జవాబు కిందా గద్దముక్కు వచ్చి వాలేవాడు. "మూడో లైను తప్పు." "వంద పేర్లకి పనిచేస్తుంది, లక్ష పేర్లు ఇస్తే చతికిలబడుతుంది. ఆలోచించే రాశారా?" ఆమె పళ్ళు కొరుక్కుంటూ సరిదిద్దేది. సరిదిద్దిన పది నిమిషాలకి ఓటు పడేది.

"చూశావా, వాడంటే ఒళ్ళు మండేవాళ్ళు ఎంతమందో. నా తరఫున గుట్టుగా వేస్తున్నారు."

"మా అన్నయ్యని కూడా ఇన్నిసార్లు తలుచుకోవేమో నువ్వు," అని ఆడపడుచు నవ్వేది.

ఒకరోజు ఉన్నట్టుండి ఇరవై పాయింట్లు తగ్గాయి. ఆమె వెంటనే ఆడపడుచుని పిలిచి చూపించింది.

"నా వల్లే వదినా. విసుగొచ్చి నా ఖాతా తీసేసుకున్నాను," అంది ఆడపడుచు. "నీకు రెండు ఓట్లేశా కదా. మనిషి పోతే వేసిన ఓట్లూ పోతాయి."

"ఒక్క మాట చెప్పొచ్చుగా తల్లీ. ప్రాణం పోయినంత పనైంది."

కిందటి వారం ఒక చిన్న కంపెనీ వాళ్ళు కబురు పెట్టారు. ఇంట్లో కూర్చుని చేసే పని. పాపని ఎవరి దగ్గరా వదలక్కర్లేదు. చదువు కాగితాలు అక్కర్లేదన్నారు. సోమవారం పదింటికి ఆమె పేజీ తెరిచి చూస్తారు, మూడు వేలు ఉంటే చాలు. ఆమెకి అప్పటినుంచీ అన్నం సహించలేదు. ఇంకా ముప్ఫై తక్కువ.

ఆదివారం మధ్యాహ్నానికి మూడు వేల పది అయ్యాయి. చివరి జవాబు కింద గద్దముక్కు రాశాడు: "ఈసారి తప్పు దొరకలేదు."

"వెటకారం చూడు," అంది ఆమె.

అలమర తలుపు తీసి కాగితం ఊడబీకింది. తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టుకుంది.

"రేపటి పని కానివ్వు వదినా. వాడెక్కడికి పోతాడు?"

"ఏడాదిన్నర ఆగాను. ఇంకొక్క పూట కూడా వాడక్కడ ఉండకూడదు."

ఖాతా శాశ్వతంగా తీసేయాలా అని అడిగింది తెర. కింద కారణం రాయడానికి చోటు ఉంది. కాగితం చూడకుండానే టైపు చేసింది. "ముందు బడికి వెళ్ళాలి. మూసేస్తున్నాను."

ఒళ్ళో పాప కదిలింది. ఒక చేత్తో జోకొడుతూ రెండో చేత్తో నొక్కింది.

తెర ఒక్క క్షణం తెల్లబడి మళ్ళీ వచ్చేసరికి, పదోక్లాసు అన్న పేరు పక్కన మూడు వేల పది పోయి నూట నలభై ఉంది.