ముందు నిలబడు, తర్వాత అడుగు

"తాళం రెండుసార్లు లాగి చూశానే. గట్టిగానే పడింది," అన్నాడు భర్త, ఆమె అడక్కుండానే.

"ఆ ముక్క ఇప్పటికి వందసార్లు చెప్పారు. పొద్దున సగం దూరం వచ్చాక అనుమానం రావడమేమిటి? చూసొస్తానంటూ నన్ను ఈ వీధిలోనే కాపలా పెట్టి పోవడమేమిటి? గడియారం చూసిచూసి మెడ పట్టేసింది. తీరా బజారుకెళితే మొలకలొచ్చిన బంగాళాదుంపలు మిగిలాయి!" తను కుట్టిన సంచీని కాళ్ళ మధ్య దించింది.

బ్యాంకు ముందు వరస వీధి మలుపు దాటిపోయింది. బజారు నుంచి వస్తూ ఆమె ముందుగా వరసలో నిలబడి, తర్వాత ఎందుకని అడిగింది. పనులు పోయి, కొట్లు ఖాళీ అయినప్పటినుంచీ ఊళ్ళో అందరికీ అదే అలవాటు. అడిగి నిలబడేలోపు సరుకు అయిపోతుంది మరి.

"బ్యాంకు మునుగుతోందట," అన్నారు ముందున్నవాళ్ళు.

కుట్టుమెషిను కోసం ఆమె కూడబెట్టిందంతా ఇందులోనే ఉంది. కుర్చీల ఫ్యాక్టరీ మూతపడి, మొగుడు ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయాక, ఆ మెషినే దిక్కనుకుంది.

"జనం భయపడి కొనడం మానేస్తారమ్మా," వెనకనుంచి రిటైరైన మేస్టారు అందుకున్నారు. "అమ్ముడుపోక ఫ్యాక్టరీలు మూస్తారు. పనిలేనివాళ్ళు అసలే కొనరు. దాంతో..."

"మేస్టారూ, బడి గంట ఎప్పుడో కొట్టేశారు. ముందు నా కాలు తొక్కడం ఆపండి!"

"ఇంతకీ ఈ గోల మొదలెట్టిందెవరో," గొణిగాడు భర్త.

"ఎవరైతేనేం! వాళ్ళ నోట్లో మన్ను పడ! వాళ్ళ పొయ్యిలో పిల్లి పడుకోవాలి!"

"అంత మాటెందుకే?"

"మీరు నోరు మూసుకుని జరగండి."

ఇంకా నలుగురున్నారనగా షట్టరు ధడాలున కిందికి దిగింది. పక్క తలుపులోంచి వాచ్‌మన్ తల బయటపెట్టాడు.

"డబ్బు అయిపోయింది. ఇక తీయరు. వెళ్ళండమ్మా."

"వెళ్ళడమేమిటి? నా మెషిను డబ్బు!"

"నేనేం చేయనమ్మా? నా జీతమూ ఇందులోనే పోయింది. నిన్నటిదాకా నిక్షేపంలా ఉన్న బ్యాంకు! ఒక్కరోజే అందరూ మీదపడితే ఏ బ్యాంకు తట్టుకుంటుంది?"

"ఎవరయ్యా మొదట పడింది?" ఆమె గొంతు చించుకుంది. "చెప్పు, నాలుగు కడిగేస్తాను!"

"ఎవరో ఒకావిడ. పొద్దున తలుపులు తీయకముందే వచ్చి ఈ మెట్ల నీడన నిలబడింది. చేతిలో ఖాళీ సంచీ. గడియారం వంక చూడ్డం, పళ్ళు నూరడం. అది చూసి వెనక ఇద్దరు చేరారు. ఆవిడ పోయినా వాళ్ళు కదల్లేదు. వాళ్ళ వెనక ఇంకొందరు... తలుపు తీసేసరికి వీధి నిండింది." వాచ్‌మన్ చెమట తుడుచుకున్నాడు. "మొహం గుర్తులేదు గానీ, సంచీ మీద ఇంత పొద్దుతిరుగుడు పువ్వు కుట్టుంది."

భర్త ఆమె కాళ్ళ మధ్యనున్న సంచీ వంక చూశాడు.

ఆమె వంగి, సంచీ మీది పువ్వును మెల్లగా తనవైపు తిప్పుకుంది.