రెండు పూటలా నీళ్ళు

“మళ్ళీ పోయిందమ్మా,” అంటూ గొడుగు పెద్దాయన కుండీని బల్లమీద పెట్టాడు. ఎండైనా వానైనా గొడుగు లేకుండా రాడు కాబట్టి నర్సరీ ఆవిడ ఆయనకి మనసులో పెట్టుకున్న పేరది.

ఆవిడ కుండీలోకి తొంగిచూసింది. బిళ్ళగన్నేరు మొక్క తల వేలాడేసి ఉంది. కాండం మొదట్లో నల్లగా కుళ్ళింది. మట్టిని వేలితో నొక్కితే నీరు ఊరింది.

“నీళ్ళు సరిగ్గా పోస్తున్నారా బాబాయ్ గారూ?”

“మీరు చెప్పినట్టే. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. ఒక్క పూట తప్పితే ఒట్టు.”

“మరెందుకు పోతోందో!” అని ఆవిడ ఆశ్చర్యం నటించింది.

ఎందుకు పోతోందో ఆవిడకి శుభ్రంగా తెలుసు. బిళ్ళగన్నేరు మహా మొండిది. గోడ పగుల్లో పడినా మొలుస్తుంది, మాడే ఎండలో కూడా పూస్తుంది. పదిరోజులకొకసారి కాసిని నీళ్ళు చాలు. ఎక్కువైతేనే చస్తుంది.

మొదటిసారి నిజంగా పొరపాటే. ఆయన మొక్క కొన్నరోజు ఆవిడ వేరే ఎవరికో ఎప్పుడూ తడిగా ఉండాల్సిన ఫెర్న్ మొక్క కట్టి ఇస్తూ, దాని నీళ్ళ లెక్క దీనికి చెప్పేసింది. మూడు వారాలకి ఆయన చచ్చిన మొక్కతో తిరిగొచ్చాడు. నెలలోపు పోతే ఉచితంగా మార్చి ఇస్తామని బోర్డు రాసిపెట్టుకుంది ఆవిడే. కొత్త మొక్క చేతికిచ్చి, నీళ్ళ సంగతి సరిదిద్దుదామని నోరు తెరిచేసరికి, ఆయన గొడుగు గోడకి ఆనించి స్టూలు మీద కూర్చున్నాడు.

“మా ఇంట్లో రెండు కుర్చీలున్నాయమ్మా. ఒకదాంట్లో నేను కూర్చుంటాను. మా ఇంటావిడ పోయినప్పట్నుంచీ రెండోదాంట్లో ఉతికిన బట్టలు కూర్చుంటున్నాయి,” అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. తను నవ్వి చాలా రోజులైందని నవ్వాక గుర్తొచ్చింది. భర్త పోయిన ఆరేళ్ళ నుంచీ నర్సరీ వెనక గదిలో ఒక్కతే ఉంటోంది. వచ్చేవాళ్ళు ‘ఎండకా, నీడకా’ అని అడుగుతారు, మొక్క పట్టుకుని తమ దారిన పోతారు. గేటు వేశాక, గొంతు ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోడానికి ఒక్కోసారి ఉత్తినే దగ్గేది.

ఆ రోజు ఆయన లేవబోతూ అడిగాడు. “నీళ్ళు ఎన్నిసార్లు అన్నారు?”

“రెండు పూటలా,” అంది. ఈసారి పొరపాటు కాదు.

అప్పట్నుంచి మూడు వారాలకోసారి, గురువారం, చచ్చిన మొక్కతో ఆయన రావడం, ఆవిడ రెండో కప్పు కడిగి టీ పోయడం అలవాటైపోయింది. ఇస్త్రీ చొక్కా, శుభ్రమైన గోళ్ళు చూసి, ఏ ఆఫీసులోనో ఫైళ్ళు తిరగేసి రిటైరైన మనిషి అనుకుంది. పాపం, ఏం చెబితే అది నమ్ముతాడు.

సోమవారం సోమవారం మొక్కలు తెచ్చే వ్యాను డ్రైవరు మాత్రం చెత్తకుప్ప చూసి మూతి తిప్పేవాడు. “బిళ్ళగన్నేరు చావడమేంటక్కా! దాన్ని చంపాలంటే పనిగట్టుకుని చంపాలి. ఎవరా మహానుభావుడు?”

“నీకెందుకు? ట్రేలు దించు,” అని కసిరేది. కసిరేదే గానీ, ఆ పూటంతా మనసు మనసులో ఉండేది కాదు. ఓ ముసలాయనతో నాలుగు మాటల కోసం ఐదు పచ్చటి ప్రాణాలు తీసింది మరి.

ఇప్పుడూ ఆయనకి టీ పోసిచ్చి, ఆరో మొక్క కోసం చెయ్యి చాచింది.

“వద్దమ్మా,” అన్నాడు పెద్దాయన. “ఇంకో మొక్కని చంపడం నా వల్ల కాదు. నిన్న దీని మొదలు నల్లబడటం చూస్తే ముద్ద దిగలేదు. ఇంక రాను.”

ఆవిడ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే మొక్క బతుకుతుంది, ఆయన రాడు. చెప్పకపోతే తన చెయ్యే మంచిది కాదనుకుంటూ వెళ్ళిపోతాడు, అప్పుడూ రాడు. ఎలాగూ పోగొట్టుకునేదే అయితే, ఆయనకి ఆ దిగులైనా మిగల్చకూడదనుకుంది.

“మీ చెయ్యి మంచిదే బాబాయ్ గారూ, నా నోరే మంచిది కాదు. దీనికి పదిరోజులకొకసారి పోస్తే చాలు. మొదటిసారి పొరపాటున చెప్పాను. తర్వాత కావాలనే చెప్పాను.”

“కావాలనా?”

“మొక్క బతికితే మీకు ఇక్కడేం పని?”

పెద్దాయన ముఖం కందగడ్డలా అయింది. కోపమనుకుంది ఆవిడ. ఆయన తాగీ తాగని కప్పు పక్కన పెట్టి, గొడుగు తీసుకుని, తలొంచుకుని గేటు వైపు నడిచాడు. ఆపడానికి ఆవిడ దగ్గర ఏ వంకా మిగల్లేదు. వచ్చే గురువారాల్ని తలుచుకుంటే ఏడుపొచ్చింది.

సోమవారం రావాల్సిన వ్యాను, మూడు రోజులు మెకానిక్ దగ్గర పడుండి, సరిగ్గా అప్పుడొచ్చి గేటుకి అడ్డంగా ఆగింది. డ్రైవరు కిందికి దూకి, పెద్దాయన్ని చూసి, అక్కడే నిలబడిపోయాడు.

“అయ్యగారూ! మీరేంటి ఇక్కడ?”

పెద్దాయన గబగబా గొడుగు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకోబోయాడు.

“ఈయన్ని నువ్వు ఎరుగుదువా?” అంది నర్సరీ ఆవిడ.

“ఎరగకపోవడమేంటక్కా!” అన్నాడు డ్రైవరు. “ఏ మొక్కకి ఎన్ని నీళ్ళు పోయాలో నాకు నేర్పిందే ఈయన.”